నీరెండ పాటలు: వసంతం పొద్దుటికి ఒక ప్లేలిస్ట్ ఎలా చేసుకోవాలి

ఫిబ్రవరి సగం దాటిందంటే చాలు, నన్ను అందరూ అడిగేది ఒకటే. "బయట ఎండ బాగుంది. హుషారుగా ఉండే ఇంగ్లీషు పాటలు, ఇండీ టైపువి, ఓ పది చెప్పండి." ఇండీ అంటే పెద్ద కంపెనీల హంగు లేకుండా సొంతంగా పాటలు చేసుకునే బ్యాండ్ల తరహా. పది పేర్లు పంపిస్తాను. వారం తిరక్కుండా అదే మనిషి మళ్ళీ అడుగుతారు. విడివిడిగా పాటలన్నీ బాగానే ఉన్నాయట, వరుసగా పెట్టుకుంటే మాత్రం నాలుగో పాటకే విసుగొచ్చిందట. అందుకే ఈసారి పేర్లతో పాటు పద్ధతి కూడా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఎండ గురించి ఇంత సంబరంగా పాడినవాళ్ళలో చాలామంది ఇంగ్లండు, స్కాట్లండు, స్వీడన్ లాంటి చోట్ల వాళ్ళు. నెలల తరబడి మబ్బు తప్ప ఏమీ చూడనివాళ్ళకి ఎండ పండగే. మనకి ఎండంటే గొడుగు, మజ్జిగ. ఈ పాటలు మన ఊళ్ళో అతికే కాలం చాలా చిన్నది. మామిడి పూత మీదున్నప్పుడు మొదలై ఉగాది దాకా, అదీ పొద్దున ఏడింటి నుంచి తొమ్మిదిన్నర వరకు. హైదరాబాద్‌లో టబెబుయా చెట్లు ఆకులన్నీ రాల్చేసి గులాబీ రంగు పూలతో నిలబడే రోజులవి, ఊళ్ళ బయట మోదుగు పూసే రోజులు. ఆ నీరెండ కోసమే ఈ లిస్ట్. ఇదే లిస్ట్ మధ్యాహ్నం పన్నెండింటికి పెట్టుకుని పాటల్ని తిట్టకండి.

ఏమేం కావాలి

- ఫోను, పాటల యాప్ ఏదైనా సరే. ఫ్రీ అకౌంట్ అయితే పాటల వరుస మీ చేతిలో ఉండకపోవచ్చు, ముందే చూసుకోండి. మధ్యలో వచ్చే యాడ్ సంగతి సరేసరి.
- ఇయర్‌ఫోన్స్. ఇంట్లో వినడానికైతే చిన్న బ్లూటూత్ స్పీకర్ చాలు.
- ఒక కాగితం, పెన్ను. నవ్వకండి, ఐదో మెట్టు దగ్గర పనికొస్తాయి.
- ఖాళీగా నడవగలిగే ఒక ముప్పావుగంట. ఇది లేకపోతే లిస్ట్ బాగుందో లేదో తెలిసే దారే లేదు.

1. ముందు పనేంటో తేల్చుకోండి

"హుషారు పాటలు" అని వెతకడం మొదలుపెడితే రాత్రికి రెండొందల పాటలు పోగవుతాయి, ఒక్కటీ వినరు. పార్కులో నడకా? ఆదివారం పొద్దున దోసెలు పోసుకుంటూ వినడానికా? కారులో ఊరెళ్ళడానికా? ఒకటే పెట్టుకోండి. నేను ఇక్కడ 45 నిమిషాల నడక అనుకుని చెప్తున్నాను. అంటే 12, 13 పాటలు. అంతకు మించి వద్దు.

2. పాట వేగం మీ అడుగుతో కొలవండి

యాప్‌లూ లెక్కలూ అక్కర్లేదు. పాట పెట్టి 15 సెకన్ల పాటు కాలితో తాళం వేయండి, ఎన్ని దెబ్బలు పడ్డాయో దాన్ని నాలుగుతో గుణించండి. నింపాదిగా నడిచే మనిషి అడుగులు నిమిషానికి 100 దగ్గర ఉంటాయి, చురుగ్గా నడిస్తే 120 దాకా పోతాయి. పాటలు ఎక్కువగా ఆ మధ్యలో పడితే సుఖం.

ఇక్కడ అందరూ పడే తికమక ఒకటుంది. ఫారెల్ విలియమ్స్ 'హ్యాపీ' వేగం నిమిషానికి 160. అంకె చూసి "అమ్మో, ఇది పరుగు పాట" అని తీసేస్తారు. కానీ దానికి మన కాలు దెబ్బ విడిచి దెబ్బకి, అంటే 80కి, ఊగుతుంది. అంకెను నమ్మకండి, కాలిని నమ్మండి.

ఇంకో విచిత్రం. బీటిల్స్ 'హియర్ కమ్స్ ద సన్' పెట్టుకుని నడవండి. సూర్యుడి పేరు పదే పదే పిలిచే మధ్య భాగం రాగానే అడుగు తడబడుతుంది. మీ తప్పేం లేదు, అక్కడ తాళం లెక్కే మారిపోతుంది. దాన్ని కట్టిన జార్జ్ హారిసన్ రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకున్న మనిషి. 1969 వసంతంలో ఓ రోజు ఆఫీసు మీటింగ్ ఎగ్గొట్టి, గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ ఇంటికి పోయి, తోటలో గిటార్ పట్టుకుని తిరుగుతూ కట్టిన పాట ఇది. ఎగ్గొట్టిన ఆఫీసు తాలూకు తేలికదనం పాటంతా వినిపిస్తుంది. అడుగు తడబడ్డా సరే, దీన్ని మాత్రం లిస్టులోంచి తీయకండి.

3. మాటలు చదవండి. ట్యూన్‌ని నమ్మి మోసపోకండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. నేను చేసిన ఘనకార్యం చెప్తాను.

మా మేనల్లుడి ఆరో పుట్టినరోజుకి అపార్ట్‌మెంట్ హాల్లో పాటలు పెట్టే బాధ్యత నాకప్పగించారు. ఈల వేసుకునే ట్యూన్ కదా అని 'పంప్‌డ్ అప్ కిక్స్' పెట్టాను. పిల్లలు గెంతుతున్నారు, కేకు మీద కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. డిగ్రీ చదివే మా అక్క కూతురు మెల్లగా పక్కకి వచ్చి, "మావయ్యా, ఇది ఎవరి గురించో తెలుసా?" అని ఫోన్లో లిరిక్స్ చూపించింది. తుపాకీ పట్టుకుని తోటి పిల్లల్ని కాల్చాలని ఊహించుకునే ఓ కుర్రాడి మనసులో మాటలవి. అమెరికాలో 2012 డిసెంబరులో ఓ స్కూల్లో కాల్పులు జరిగినప్పుడు కొన్ని రేడియో స్టేషన్లు ఈ పాట వేయడం మానేశాయి కూడా. నేను కంగారుగా తర్వాతి పాటకి నొక్కాను. వచ్చింది కార్డిగన్స్ 'లవ్‌ఫూల్'. అది "ప్రేమ లేకపోయినా ఉన్నట్టు నటించు" అని బతిమాలుకునే పాట. పిల్లలకేం తెలియదు కాబట్టి బతికిపోయాను.

ఇలాంటివి చాలా ఉన్నాయి. అవుట్‌కాస్ట్ 'హే యా!' (2003) పెళ్ళిళ్ళలో కూడా వేస్తారు. మాటలు చూస్తే కలిసి ఉండలేక, విడిపోలేక కొట్టుకుంటున్న జంట కనిపిస్తుంది. స్కాట్లండు బ్యాండ్ బెల్ అండ్ సెబాస్టియన్ 'అనదర్ సన్నీ డే' పేరులోనే ఎండ ఉంది, చివరి చరణానికి వచ్చేసరికి ప్రేమ చెడిపోతుంది.

వీటిని వినొద్దని కాదు. ఒంటరిగా నడిచేటప్పుడు ఇలాంటి పులుపు ఒకటి రెండు ఉంటేనే బాగుంటుంది. పిల్లలున్న చోట, పదిమంది మధ్య మాత్రం మాటలు చదవకుండా ఏ పాటా పెట్టకండి. పాటకి రెండు నిమిషాలు పట్టే పని, అంతే.

4. సరైన వెర్షన్ పట్టుకోండి

వెతికితే ఒకే పాట పది రూపాల్లో వస్తుంది. లైవ్, రీమాస్టర్, స్పెడ్ అప్ (వేగం పెంచింది), స్లోడ్ రివర్బ్ (నెమ్మది చేసి మారుమోగించింది), ఇంకా ఎవరో పియానో మీద వాయించింది. తొందరలో పైన ఉన్నది నొక్కేస్తే నీరెండ పాట కాస్తా వాన పాటలా వినిపిస్తుంది. యూట్యూబ్‌లో అయితే మ్యూజిక్ వీడియో బదులు ఆడియో మాత్రమే ఉన్నది తీసుకోండి. కొన్ని వీడియోల్లో మొదట కథ నడుస్తుంది, నడకలో ఆ మాటలూ చప్పుళ్ళూ చికాకు.

కొన్నిసార్లు రెండు వెర్షన్లూ అసలువే, ఏది కావాలో మీరే తేల్చుకోవాలి. కార్నర్‌షాప్ అనే ఇంగ్లండు బ్యాండ్ 1997లో 'బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశా' పాడింది. ఆ ఆశ మన ఆశా భోస్లేనే. పాటలో లతా మంగేష్కర్, రఫీ పేర్లు కూడా వస్తాయి. పదే పదే వినిపించే 45 అంటే నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న గ్రామఫోను రికార్డు. ఈ పాటని నార్మన్ కుక్, అదే ఫ్యాట్‌బాయ్ స్లిమ్, వేగం పెంచి రీమిక్స్ చేస్తే 1998 ఫిబ్రవరిలో బ్రిటన్ చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్ళింది. అందరి చెవిలో ఉన్నది ఆ రీమిక్సే. నా ఓటు మాత్రం అసలు దానికే. ఒకే గిటార్ తీగల వరస మీద తీరిగ్గా ఊగుతుంది, నడకకి అదే నప్పుతుంది. రీమిక్స్ ఇల్లు ఊడ్చేటప్పుడు పెట్టుకోండి.

5. వరుస కాగితం మీద రాయండి

ఫోన్లో పాటల్ని పైకీ కిందకీ జరుపుతూ కూర్చుంటే ఆకారం కనపడదు. కాగితం మీద 13 గీతలు గీసి, మొదట మూడు చోట్లు నింపండి: మొదటిది, ఏడోది, ఆఖరిది. మొదటిది నిద్ర కళ్ళకి సరిపోయేంత మెత్తగా ఉండాలి. ఏడో దాంట్లో ఈలో, చప్పట్లో, చెవికి కొత్తగా ఏదో ఒకటి ఉండాలి, చెవి అలసిపోయేది అక్కడే. ఆఖరిది ఇంటి గేటు దగ్గర అయిపోయినా వెలితిగా అనిపించనిది. మిగతావి వీటి మధ్య సర్దండి.

ఈ ఏడాది నా వరుస ఇది:

1. 'ఫ్రమ్ ద స్టార్ట్', లావే (2023). బోసానోవా ఊపు, అంటే బ్రెజిల్ వాళ్ళ మెత్తటి సంగీత శైలి. మనసులో మాట చెప్పలేని గోలే, కానీ నవ్వుతూ చెప్పుకుంటుంది.
2. 'పుట్ యువర్ రికార్డ్స్ ఆన్', కొరీన్ బెయిలీ రే (2006). పొద్దుటి కాఫీ లాంటి గొంతు.
3. 'షాయద్', తాబా చాకే. అరుణాచల్ ప్రదేశ్ కుర్రాడు, పాట హిందీలో.
4. 'హియర్ కమ్స్ ద సన్'. సరిగ్గా ఈపాటికి ఎండ చెట్ల మీదుగా దిగుతుంది.
5. 'ఫైర్‌ఫ్లై', వెన్ చాయ్ మెట్ టోస్ట్. కొచ్చి బ్యాండ్. దిగులు పాటలే ఇండీ అనుకునేవాళ్ళకి నేను మొదట వినిపించేది వీళ్ళనే.
6. '5 ఇయర్స్ టైమ్', నోవా అండ్ ద వేల్ (2008). యుకులేలీ (బుల్లి గిటార్ లాంటిది), ఈల, ఐదేళ్ళ తర్వాత మనం ఎలా ఉంటామో అనే కబుర్లు.
7. 'యంగ్ ఫోక్స్', పీటర్ బ్యోర్న్ అండ్ జాన్ (2006). స్టాక్‌హోమ్ వాళ్ళు. మరో వాయిద్యం పెట్టేదాకా ఉండనిద్దామని వేసిన ఈల, చివరికి అదే పాటకి గుర్తయిపోయింది.
8. 'ఫ్రెంచ్ నేవీ', కెమెరా అబ్స్క్యూరా (2009). గ్లాస్గో బ్యాండ్. వయొలిన్లు లేచేచోట తల పైకెత్తి చెట్లు చూడండి.
9. 'బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశా', అసలు వెర్షన్.
10. 'ఎ-పంక్', వాంపైర్ వీకెండ్ (2008). రెండుంపావు నిమిషాల్లో అయిపోతుంది. అలసట మొదలయ్యే చోట పొట్టి పాట పెట్టడం పాత చిట్కా.
11. 'లిస్టోమేనియా', ఫీనిక్స్ (2009). ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ కుర్రాళ్ళు. పందొమ్మిదో శతాబ్దపు పియానో విద్వాంసుడు ఫ్రాంజ్ లిస్ట్ కోసం అభిమానులు వెర్రెత్తిపోయిన ఆ కాలపు మాటే ఈ పేరు. హీరోల కటౌట్లకి పాలు పోసే ఊళ్ళలో పెరిగినవాళ్ళం, మనకి అర్థమవుతుంది.
12. 'వాకింగ్ ఆన్ సన్‌షైన్', కత్రీనా అండ్ ద వేవ్స్. 1985లో హిట్ అయింది. దీన్ని మొదటి పాటగా ఎప్పుడూ పెట్టకండి. ఇంత ఎత్తులో మొదలైతే తర్వాతవన్నీ దిగుడే.
13. 'మిస్టర్ బ్లూ స్కై', ఎలక్ట్రిక్ లైట్ ఆర్కెస్ట్రా (1977).

ఆఖరి దాని గురించి ఒక జాగ్రత్త. ఐదు నిమిషాలు దాటే పాట. అయిపోయిందనుకున్న చోట కోరస్‌తో ఇంకో పెద్ద భాగం మొదలవుతుంది. మధ్యలో పెడితే జనం ఇయర్‌ఫోన్స్ తీసి చూసుకుంటారు, అందుకే చివర్న ఉండాలి. ఆ బ్యాండ్ నాయకుడు జెఫ్ లిన్ దీన్ని స్విట్జర్లాండు కొండల్లో రాశాడు. రెండు వారాలు ముసురు పట్టి, ఒక్కసారిగా ఎండ కాసిన రోజున. మన దగ్గర తుఫాను వెలిసిన మర్నాడు పొద్దున ఈ పాట వినండి, ఎందుకన్నానో తెలుస్తుంది.

ఇది నా వరుస. మీకు నచ్చనివి నిర్మొహమాటంగా కొట్టేయండి, ఆ మూడు చోట్ల పద్ధతి మాత్రం ఉంచుకోండి.

6. తెలుగు పాట ఎక్కడ పెట్టాలి

తెలుగు పాట రాగానే చెవి బీట్‌ని వదిలి మాటల వెంట పోతుంది. అప్పటిదాకా గాలిలా ఉన్న సంగీతం ఎదుటి మనిషిలా పలకరిస్తుంది. అందుకని నడక లిస్టులో ఒకటి, మహా అయితే రెండు, అవీ చివర్లో. నేను ఎక్కువగా పెట్టేది చౌరస్తా బ్యాండ్ వాళ్ళ 'ఊరెళ్ళిపోతా మామ'. పట్నంలో పొద్దున్నే నడిచేవాళ్ళకి అదేదో గుండెలో తగిలే పాట, తాళం మాత్రం చక్కగా అడుగుకి అడుగు వేయిస్తుంది. ఇంట్లో అందరూ ఉన్న ఆదివారమైతే ఆ పాట పాడిన రామ్ మిరియాల గొంతులోనే 'జాతి రత్నాలు' (2021) సినిమాలోని 'చిట్టి' పాట. అమ్మ కూడా వంటింట్లోంచి కాలు ఊపుతుంది.

7. సెట్టింగులు

క్రాస్‌ఫేడ్ అంటే ఒక పాట తగ్గుతుండగానే తర్వాతిది కలిసిపోవడం. అది ఉంటే రెండు మూడు సెకన్లకి పెట్టండి. 12 సెకన్లు పెట్టారంటే 'హియర్ కమ్స్ ద సన్' మొదట్లో వచ్చే గిటార్, ఆ పాటలో సగం ప్రాణం అదే, వెనకటి పాట తోకలో మునిగిపోతుంది. పాత పాట మెల్లగా, కొత్త పాట గట్టిగా రాకుండా వాల్యూమ్ నార్మలైజేషన్ ఆన్ చేయండి. బేస్ బూస్ట్ ఆపేయండి. ఈ పాటల అందమంతా తీగల గలగలలో ఉంది, దడదడలో కాదు. షఫుల్ ఆపేశారో లేదో రెండుసార్లు చూసుకోండి. పార్కులో సిగ్నల్ పోతుంది కాబట్టి డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

హెచ్చరిక: రోడ్డు మీద నడిచేవాళ్ళు ఒక చెవి ఖాళీగా వదలాలి. పార్కులో స్పీకర్ పెట్టి ఊరందరికీ వినిపించకండి, మీ నీరెండ పక్కవాళ్ళకి తలనొప్పి. కోయిల కూస్తుంటే కాసేపు పాట ఆపేయండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

అన్నీ ఉరకలు వేసే పాటలే పెట్టడం మొదటిది. అన్నీ పులిహోరే వడ్డిస్తే ఎన్ని ముద్దలు తింటారు? పేరులో సన్, సమ్మర్, స్ప్రింగ్ అని ఉంటే చాలు, లిస్టులో వేసేయడం రెండోది. లావే పాట పేరులో ఎండ లేదు, పాటంతా ఎండే. యాప్ తనంతట తాను కలిపే సిఫార్సు పాటల్ని అలాగే వదిలేయడం ఇంకోటి. పదమూడో పాట అయ్యాక అది ఏదో ఏడుపు పాట ఎత్తుకుంటుంది, ఆటోప్లే ఆపండి.

ఒకే గాయకుడివి మూడు పాటలు వరుసగా పెట్టే అభిమానులకి ఏం చెప్పాలో నాకు తెలియదు. నేనూ ఒకప్పుడు అదే పని చేశాను.

మీది వేరే పరిస్థితి అయితే

అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉన్నవాళ్ళకి ఈ గంటల లెక్క వర్తించదు. అక్కడ వసంతం మార్చి చివర్లో మొదలై మే దాకా సాగుతుంది, మధ్యాహ్నం కూడా హాయిగా తిరగొచ్చు. సియాటిల్‌లో యూనివర్సిటీ చెర్రీ పూల కింద నడిచేవాళ్ళకి పై వరుస యథాతథంగా సరిపోతుంది. డాలస్ నుంచి ఏప్రిల్‌లో బ్లూబానెట్ పూలు చూడ్డానికి ఎన్నిస్ వెళ్ళే కుటుంబాలకి మాత్రం అది కారు ప్రయాణం. మొదట్లోని మెత్తటి మూడు పాటలూ తీసేసి 'ఎ-పంక్' లాంటివి ముందుకి తెండి, వెనక సీట్లో పిల్లలుంటే మూడో మెట్టు మళ్ళీ చదవండి.

మన దగ్గరే ఉండి పొద్దున లేవలేనివాళ్ళు సాయంత్రం ఐదున్నర తర్వాత వరుసని తలకిందులు చేసి వినండి. 13తో మొదలుపెట్టి 1 దగ్గర ఆపండి. పొద్దు వాలేటప్పుడు పాటలు కూడా మెత్తబడుతూ రావాలి.

కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది

వరుసగా మూడు రోజులు అదే దారిలో, అదే వేళకి విని చూడండి. ఫోన్ జేబులోంచి ఎన్నిసార్లు తీశారో లెక్కపెట్టండి. మూడో రోజుకి ఒకటి రెండుసార్లకి తగ్గాలి. రెండు రోజులు ఒకే పాట దాటేశారంటే దాన్ని తీసేయండి, ఎంత గొప్ప పాటైనా సరే. ఒక పాటలో మీకు తెలియకుండానే అడుగు నెమ్మదించి నిలబడిపోతుంటే, అది చెడ్డ పాటేం కాదు, కానీ దాని చోటు బెంచీ మీద. వేరే లిస్టులో దాచుకోండి.

నాలుగో రోజు ఇయర్‌ఫోన్స్ లేకుండా వెళ్ళండి. దారిలో మీ నోటికి ఈల ఏ పాటదొస్తే వచ్చే ఏడాది లిస్ట్ దానితో మొదలుపెట్టండి. నాకు రెండేళ్ళుగా ఆ స్టాక్‌హోమ్ ఈలే వస్తోంది. పక్కన నడిచే పెద్దాయన ఒకరు ఆగి, "అది ఏ సినిమాలోది బాబూ?" అని అడిగారు కూడా.